సూదితో పొడిస్తే తేలే విషయం కాదు

ముందుగా ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. 1996 దసరా నవరాత్రుల్లో జరిగిన సంగతి ఇది.

అప్పుడు నేను రక్షణ లెక్కల శాఖలో, జబల్‌పూర్‌లో పనిచేస్తున్నాను. సెలవు మీద భిలాయి వచ్చాను, సెక్టర్ 7లో మా నాన్నగారి క్వార్టర్‌కి. మా వీధిలో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళవే. ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. పైడితల్లి, నూకాలమ్మ కూడా వాళ్ళ వెంటే రైలెక్కి వచ్చేశారు. ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళకి నవరాత్రుల్లో జవారా ఉంది. తొమ్మిది రోజులు మొలకలు పెంచుతారు, జస్‌గీత్‌లు పాడతారు, మాందర్ మోత పెరిగేకొద్దీ ఒకరిద్దరు తల విరబోసుకుని ఊగుతారు. దాన్ని వాళ్ళు 'ఝూపనా' అంటారు, మనవాళ్ళు పూనకం అంటారు. పేరే తేడా.

మా వీధి చివర కోక్ ఓవెన్స్‌లో పనిచేసే ఒకాయన భార్యకి ఏటా అమ్మవారు పూనేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. మామూలు రోజుల్లో తలెత్తి మాట్లాడని మనిషి. మేము ముగ్గురం హేతువాద మిత్రులం, కొత్త ఉత్సాహం మీదున్నాం. 'పూనకం నిజమైతే నొప్పి తెలియకూడదు, నొప్పి తెలిసిందంటే నటన' అని సిద్ధాంతం చేసుకుని, గుంపులో ఆవిడ వెనక నిలబడి మోచేతి మీద గుండుసూదితో పొడిచాం. పొడిచింది నేనే. ఆవిడ 'అబ్బా' అని చెయ్యి లాక్కుంది. అంతే! 'చూశారా, అంతా నాటకం' అని అందరి ముందూ ప్రకటించేశాం. నాలుగు రోజులు మేము మా వీధికి హీరోలం.

ఆవిడకి ఏమైందో నాకు ఆ తరువాత సంవత్సరం మా అమ్మ చెప్పింది. వీధిలో పిల్లలు 'నాటకాలమ్మ' అని పేరు పెట్టారట. మొగుడు పరువు తీశావని కొట్టాడట. అంతకంటే నన్ను కుదిపేసిన మాట ఇంకొకటుంది. ఆవిడ మా అమ్మ దగ్గర ఏడుస్తూ చెప్పుకుందిట: 'పండగల్లోనే కాదు పిన్నీ, మామూలు రోజుల్లో కూడా అవుతుంది. బియ్యం కడుగుతూ ఉంటాను, తెలివొచ్చేసరికి పవర్‌హౌస్ బజార్లో నిలబడి ఉంటాను. ఎలా వెళ్ళానో తెలీదు. సంచీలో నేను కొనని వస్తువులుంటాయి. అమ్మవారు అన్నారు కాబట్టి బతికాను. ఇప్పుడు అదీ కాదన్నారు, మరి నాకేమిటి?'

ఆ ప్రశ్నకి మా ముగ్గురి దగ్గరా సమాధానం లేదు. అసలు ఆ ప్రశ్న ఆవిడని మేము అడగనేలేదు. సూది ఉంటే ప్రశ్న ఎందుకనుకున్నాం! తరువాత ఆ కుటుంబం టెక్కలి వైపు సొంత ఊరికి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ తరువాత ఇది ఎందుకు తవ్వుతున్నానంటే, ఇంట్లోనే మళ్ళీ తగిలింది కనుక. మా అక్క కూతురి కొడుకు ఒకడున్నాడు, చదువుకుంటున్న కుర్రాడు. (రాయమని వాళ్ళే అన్నారు. ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను.) రెండేళ్ళ కిందట వాడు తల్లిని కూర్చోబెట్టి, 'అమ్మా, ఈ ఒంట్లో నేనొక్కణ్ణే లేను. మేము ముగ్గురం. చిన్నప్పటి నుంచీ ఇంతే' అన్నాడు. మా మేనకోడలు మొదట నవ్వింది, తరువాత ఏడ్చింది, ఆ సాయంత్రం దుర్గ్ దగ్గర పల్లెలో ఉన్న బైగా దగ్గరికి మనిషిని పంపింది. అల్లుడు ఎవరికీ చెప్పకుండా వంటింట్లో కత్తిపీట, చాకులు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎందుకయ్యా అంటే, 'అపరిచితుడు చూడలేదా మావయ్యగారూ' అన్నాడు. నేనేం చేశాను? 'ఫోన్లో ఏదో చూసి అనుకరిస్తున్నాడు, పట్టించుకోకండి' అన్నాను. ముప్ఫై ఏళ్ళయినా నా చేతిలోంచి సూది జారలేదన్నమాట.

తల్లికి దేవుడో దెయ్యమో, తండ్రికి హంతకుడు, నాకు నటుడు. ఒకే పిల్లవాడు, ఒకే రోజు, ఒకే ఇంట్లో. వాణ్ణి 'నీకెలా ఉంటుంది నాన్నా' అని అడిగిన మనిషి మాత్రం ముగ్గురిలో ఒక్కరూ లేరు.

హంతకుడి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మన తెలుగువాళ్ళకి ఈ విషయంలో తెలిసినదంతా సినిమాల నుంచే తెలుసు. 2005 మనకి భలే సంవత్సరం. రజనీకాంత్ 'చంద్రముఖి' వచ్చింది, ఆ వెనకే శంకర్ తీసిన 'అపరిచితుడు' వచ్చింది. మొదటిదానికి మూలం 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళ్'. దాన్ని కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీసినప్పుడు ఆ పాత్ర వేసింది మన సౌందర్య. సినిమా విడుదలయ్యేసరికి ఆమె లేదు, పాపం. ఈ సినిమాలు దెయ్యాన్ని తీసేసి మనస్తత్వ శాస్త్రాన్ని పెట్టాయని అప్పట్లో మన హేతువాదులమే మెచ్చుకున్నాం. నేను కూడా మెచ్చుకుంటూ మాట్లాడినవాణ్ణే. మణిచిత్రతాళ్‌లో డాక్టరు ఉంటాడు, దెయ్యం లేదంటాడు, నిజమే. కానీ ఒకటి గమనించారా? దెయ్యం పోయింది గాని దెయ్యం చేసే పనులన్నీ మిగిలాయి. జుట్టు విరబోసుకోవడం, కళ్ళు ఉరిమి చూడటం, చంపబోవడం. అపరిచితుడైతే గరుడ పురాణం చూసుకుని మరీ చంపుతాడు. అంటే దెయ్యానికి 'మల్టిపుల్ పర్సనాలిటీ' అని ఇంగ్లీషు పేరు పెట్టి ఇంకో ఇరవై ఏళ్ళకి లైసెన్సు రెన్యూ చేశామన్నమాట! మా కాలనీలో కోపం వచ్చిన ప్రతి ఆడపిల్లా చంద్రముఖి, మూడ్ మారిన ప్రతి కుర్రాడూ రెమో. హాలీవుడ్ వాళ్ళేం తక్కువ తినలేదు. 1960లో 'సైకో', 2016లో 'స్ప్లిట్'. వాటికంటే ముందు 1886లోనే స్టీవెన్సన్ జెకిల్, హైడ్‌ల కథ రాసిపెట్టాడు. మంచివాడి లోపల చెడ్డవాడు దాగి ఉంటాడనేది నీతి కథకి పనికొస్తుంది. మనుషుల్ని అర్థం చేసుకోవడానికి పనికిరాదు.

మరి లెక్కలేమంటున్నాయి? డిసోసియేటివ్ సమస్యలకి చికిత్స పొందుతున్న 173 మంది మీద అమెరికా పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. అంతకు ముందు ఆరు నెలల్లో వాళ్ళలో ఒక్కరికి కూడా ఏ నేరంలోనూ శిక్ష పడలేదు. చికిత్సలో ఉన్నవాళ్ళు, వాళ్ళే చెప్పిన లెక్క, కాబట్టి దీన్ని పట్టుకుని ప్రపంచం మొత్తానికి తీర్పు చెప్పలేం. అయినా బీరువా తాళానికి ఆధారమైతే లేదు. ప్రమాదం వేరే వైపు ఉంది. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని డాక్టర్లు నిర్ధారించి చికిత్స చేస్తున్నవాళ్ళలో 70 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళేనని అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం, 2013 నాటి డీఎస్ఎమ్-5, రాసింది. అల్లుడు చాకులు దాచింది తనని కాపాడుకోవడానికి. పిల్లవాణ్ణి కాపాడటానికి ఏం చేయాలన్న ఆలోచన ఆ రాత్రి ఎవరికీ రాలేదు.

పక్కింటి మాస్టారు ఒకరు 'ఓహో, స్కిజోఫ్రీనియానా' అన్నారు. చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు ఇది. ఆ పేరు 1908లో బ్లాయిలర్ అనే స్విస్ వైద్యుడు పెట్టాడు. గ్రీకులో అర్థం 'చీలిన మనస్సు' కావడంతో జనం దాన్ని 'ఒకే మనిషిలో ఇద్దరు' అనుకున్నారు. రెండూ వేరు. మాస్టారికి పది నిమిషాల్లో చెబితే అర్థమైంది. దీన్నిక్కడ వదిలేస్తాను.

నటన అనే మాట దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే అది మన మాట, హేతువాదుల మాట.

మా సూది పరీక్ష సంగతే చూడండి. ఆవిడ చెయ్యి లాక్కుంది కాబట్టి 'నటన' అన్నాం. ఒకవేళ కదలకుండా ఉంటే ఏమనేవాళ్ళం? 'హిస్టీరియా' అనేవాళ్ళం. అంటే ఎటు తిరిగినా మేమే గెలుస్తాం. ఓడిపోయే అవకాశం లేని పరీక్ష పరీక్ష ఎలా అవుతుంది? జాతకాలు చెప్పేవాణ్ణి మనం ఇదే ప్రశ్న వేసి కదా ఏడిపిస్తాం! పైగా నొప్పి తెలియడానికీ, మనిషి మారడానికీ సంబంధమేమిటి? ఒంట్లో ఎవరున్నా చెయ్యి చెయ్యే, నరం నరమే.

జర్మనీలో ఒక మహిళ కేసు ఉంది. ప్రమాదం తరువాత చూపు పోయిందని డాక్టర్లు రాశారు. పదేళ్ళకు పైగా గుడ్డిదానిగానే బతికింది. ఆమె ఒంట్లో అనేకమంది ఉన్నారని తరువాత తేలింది. చికిత్స జరుగుతూండగా వాళ్ళలో కొందరికి చూపు వచ్చింది, మిగతావాళ్ళకి రాలేదు. ఇక్కడ వైద్యులు సూది పట్టుకోలేదు. కంటికి బొమ్మలు చూపిస్తూ మెదడులో విద్యుత్ స్పందన కొలిచారు. చూపున్నవాళ్ళు ముందుకొచ్చినప్పుడు స్పందన మామూలుగా ఉంది, చూపులేనివాళ్ళు వచ్చినప్పుడు స్పందనే లేదు. స్ట్రాస్‌బర్గర్, వాల్డ్‌వోగెల్ అనే ఇద్దరు 2015లో దీన్ని విశ్లేషించి ప్రచురించారు. ఒక్క కేసుతో అంతా రుజువైపోదు. కానీ 'అబ్బా' అన్నదని తీర్పు చెప్పిన నాకు అది చాలు, తల దించుకోవడానికి. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకురాలు రైండర్స్, ఆమె బృందం ఇంకొక పని చేశారు. నిజంగా ఈ అనుభవం ఉన్నవాళ్ళనీ, అలా నటించమని తర్ఫీదిచ్చిన మామూలు మనుషుల్నీ పక్కపక్కన పెట్టి మెదడు స్కాన్లు తీశారు. నటించినవాళ్ళకి ఆ నమూనా రాలేదు. ఊహాశక్తి బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి కూడా రాలేదు.

దొంగ కేసులు లేవా అంటే ఎందుకు లేవు, ఉన్నాయి. 1979లో లాస్ ఏంజెలెస్ హత్యల కేసులో దొరికిన కెనెత్ బియాంకి తన లోపల ఇంకొకడున్నాడని, హత్యలు వాడే చేశాడని నాటకమాడాడు. మార్టిన్ ఓర్న్ అనే మనస్తత్వవేత్త చాలా తెలివిగా, 'నిజంగా ఈ జబ్బున్నవాళ్ళలో సాధారణంగా ఇద్దరే ఉండరే, ముగ్గురైనా ఉంటారే' అన్నట్టు ఒక మాట వదిలాడు. అంతే, కాసేపటికి మూడోవాడు ప్రత్యక్షం! దొంగ దొరికిపోయాడు. పరీక్ష అంటే అది. 'సిబిల్' కథ కూడా మీకు తెలిసే ఉంటుంది. 1973లో పుస్తకం వచ్చి అమెరికాని ఊపేసింది. ఆ పేరు వెనక ఉన్న షర్లీ మేసన్ 1958లోనే తన డాక్టరమ్మకి 'ఇదంతా నేను కల్పించినదే' అని ఉత్తరం రాసి, తరువాత ఆ మాట వెనక్కి తీసుకుంది. డెబీ నేథన్ 2011లో పుస్తకం రాసి ఈ గొడవంతా బయటపెట్టింది. 1980ల్లో, 90ల్లో అక్కడ కొందరు థెరపిస్టులు హిప్నాటిజం చేసి, మందులిచ్చి, రోగుల చేత లేని జ్ఞాపకాలు చెప్పించారు కూడా. చిన్ననాటి దెబ్బల వల్లే ఇలా అవుతుందని ఎక్కువమంది వైద్యులు అంటుంటే, ఎదుటివాళ్ళ అంచనాల వల్ల, సంస్కృతి వల్ల కూడా ఇలా తయారవుతుందని స్పానోస్ లాంటివాళ్ళు వాదించారు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నేను బీకామ్ చదివినవాణ్ణి, ఆ తగువు తీర్చే అర్హత నాకు లేదు.

కానీ ఓచర్ల సంగతి నాకు తెలుసు. ఒక యూనిట్ నుంచి వచ్చిన టీఏ బిల్లుల్లో ఒకటి దొంగదని తేలితే దాన్ని ఆపేస్తాం, విచారణకి రాస్తాం. మిగతా వాళ్ళందరూ దొంగలే అని అందరి బిల్లులూ చింపెయ్యం. ఏ పద్దు కిందకి వస్తుందో తేలని మొత్తాన్ని సస్పెన్స్ హెడ్‌లో పెడతాం. అది మాయమైపోయినట్టు కాదు, ఉన్నట్టే. తేలేవరకూ ఉన్నట్టుగానే చూపిస్తాం. ముప్ఫై ఏడేళ్ళు ఈ పని చేసినవాణ్ణి మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోయానో!

అబ్రహాం కోవూర్ గారి కేసులు మనమంతా చదివినవాళ్ళమే. ఆయన దెయ్యాలని ఒప్పుకోలేదు. అయితే దెయ్యం పట్టిందన్న మనిషిని అబద్ధాలకోరని కొట్టిపారేయలేదు కూడా. ఆ మనిషి బాధ నిజమనీ, కారణం మనసులో వెతకాలనీ ఆయన పద్ధతి. ఆయన శిష్యులమని చెప్పుకునే మేము బాధని వదిలేసి దెయ్యాన్ని మాత్రం పట్టుకున్నాం.

ఇక్కడ కొందరు మిత్రులకి సందేహం రావచ్చు: 'ఒంట్లో ముగ్గురున్నారని ఒప్పుకుంటే ఆత్మల్ని ఒప్పుకున్నట్టు కాదా?' కాదు. ఎవరూ బయట నుంచి రాలేదు. ముగ్గురూ ఆ ఒక్క మెదడు పనే. ఒక మెదడు ఒకే 'నేను'ని తయారు చేసి తీరాలని ఏ ప్రయోగశాలలో రుజువు చేశారు? 'ఒక ఒంటికి ఒకడే' అనేది రేషన్ కార్డు వాళ్ళ నియమం, ఆధార్ వాళ్ళ నియమం. అది పరిపాలనకి కావాలి, ఉండాలి. చట్టం ముందు చేసిన పనికి ఆ ఒళ్ళే బాధ్యత, మా వాళ్ళు కూడా దాన్ని కాదనరు. కానీ ఆ నియమాన్ని ప్రకృతి సూత్రం అనుకోవడం మన అలవాటే తప్ప విజ్ఞానం కాదు. ఒక ఆదివారం నేను 'అంటే జాయింట్ అకౌంటా' అని అడిగితే మా పిల్లవాడు పగలబడి నవ్వాడు. 'అవును తాతయ్యా, ఈదర్ ఆర్ సర్వైవర్ మాత్రం కాదు, బ్యాలెన్స్ ఒక్కటే' అన్నాడు.

అడగడం మొదలుపెట్టాక తెలిసినవి చాలా ఉన్నాయి. సినిమాల్లోలాగా కళ్ళు తిరగడం, గొంతు మారడం ఏమీ లేవు. మారినా ఎదుటివాళ్ళకి తెలియకుండా ఉండటానికే వాళ్ళు పదిహేనేళ్ళు కష్టపడ్డారు. ముగ్గురిలో ఒకరు పరీక్షలు రాసే పెద్దమనిషి తరహా. ఒకడు పదేళ్ళవాడు, ఎదగలేదు. ఇంకొకరు ఆడపిల్ల. ఇది విన్నప్పుడు నాకు చెవులు వేడెక్కాయి, ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ ఆమె ఉందని ఎలా తెలియలేదని అడిగితే వాళ్ళు చెప్పింది విని ఆశ్చర్యపోయాను. ఇంట్లో తెలుగు కదా, తెలుగులో 'నేను వెళ్తాను' అంటే ఆడా మగా తేడా లేదు, ఇబ్బంది లేదు. బడిలో హిందీ. హిందీలో 'జాతా హూఁ' అనాల్సిన చోట ఒకసారి 'జాతీ హూఁ' అని నోరు జారింది. ఏడో తరగతి. ఆ ఏడాదంతా పిల్లలు వెక్కిరించారు. అప్పటి నుంచి ఆమె బయటి మనుషులతో మాట్లాడటం మానేసింది. భిలాయిలో పుట్టి రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళకి తప్ప ఇది అర్థం కాదేమో.

ఇంకోటి. వాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు 'మేము' అంటారు. వాళ్ళలో వాళ్ళు అనుకునేటప్పుడు 'మనం'. హిందీలో రెంటికీ 'హమ్' ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకునే మాట ఒకటి, వదిలేసే మాట ఒకటి తెలుగులో ఉన్నాయని అరవై దాటాక ఒక కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను.

బంధువులు మరో రకంగా చంపుతున్నారు. ఎక్కడో యూట్యూబ్‌లో విన్నారు, చిన్నప్పుడు ఏదో ఘోరం జరిగితేనే ఇలా అవుతుందని. ఇక మా మేనకోడలిని చూసే చూపులు వేరు. 'ఏం జరిగిందే, ఎవరు చేశారే' అని పెళ్ళిళ్ళలో పక్కకి పిలిచి అడుగుతున్నారు. ఇలాంటి అనుభవమున్న చాలామంది చిన్నప్పుడు దెబ్బతిన్నవాళ్ళేనన్నది వైద్యులు చూసిన నిజం. అయితే దాన్నుంచి తిరగేసి, ఫలానా ఇంట్లో ఫలానావాడు నేరం చేశాడని తేల్చడం కుదరదు. చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో ఆ పిల్లల ఇష్టం. భోజనాల బంతిలో అడిగే ప్రశ్నేనా అది!

'సరే, మందులిచ్చి ముగ్గుర్నీ ఒకటి చేసేస్తే పోదా' అంటారు మా అక్క. ముగ్గుర్ని ఒకటి చేసే మందంటూ ఏదీ లేదు. దిగులుకో నిద్ర లేమికో ఇస్తారంతే. మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, ఏళ్ళు పడుతుంది. కొందరు ఒకటైపోవాలనుకుంటారు, అవుతారు. మరికొందరు ఒకరికొకరు సహకరించుకుంటూ, జ్ఞాపకాలు పంచుకుంటూ బతకడమే మేలనుకుంటారు. 'త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్' అని 1957లో పుస్తకం, సినిమా రెండూ వచ్చాయి. ఇద్దరు డాక్టర్లు ముగ్గురని లెక్క తేల్చి, నయమైపోయిందని రాసేశారు. నటికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ కథలోని మనిషి క్రిస్ కాస్ట్‌నర్ సైజ్‌మోర్ మాత్రం ఇరవై ఏళ్ళు పేరు లేకుండా ఉండి, 1977లో సొంత పుస్తకం రాసింది. మూడు కాదు, ఇరవైకి పైగా అంది. సినిమా వచ్చేనాటికి నయం కాలేదంది. తరువాత ఆమె ఒక్క మనిషిగానే స్థిరపడి, బొమ్మలు వేసుకుంటూ 2016 వరకూ బతికింది. ఆమెని అడిగి ఉంటే 1957లోనే చెప్పేది కదా.

జబ్బా కాదా అన్న ప్రశ్నకి వైద్యులు ఇప్పుడు చెబుతున్నది మనం అనుకున్నంత మొరటుగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో దీన్ని ఒక పేరుతోనూ, పూనకం లాంటిదాన్ని వేరే పేరుతోనూ రాశారు. రెండు చోట్లా ఒక షరతు ఉంది. ఒక సమాజం ఆచారంగా ఒప్పుకున్న పూనకం, మనిషికి బాధ గాని ఇబ్బంది గాని కలిగించనిది, జబ్బు లెక్కలోకి రాదు. బోనాల్లో రంగం చెప్పే ఆమె రోగి కాదు. బియ్యం కడుగుతూ పవర్‌హౌస్‌లో తేలిన మా వీధి ఆవిడకి సహాయం కావాలి. ఇద్దర్నీ ఒకే సూదితో పొడిచే హక్కు ఎవరికీ లేదు. అమ్మవారు ఉందని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ తొమ్మిది రోజులూ ఆవిడ మాట వీధి మొత్తం విన్నదని మాత్రం నాకు ఇప్పుడు తెలుసు. మేము అది కూడా లాక్కున్నాం, బదులు ఏమీ ఇవ్వకుండా.

బైగా దగ్గరికి పంపిన మనిషిని నేనే దారిలో ఆపి వెనక్కి తీసుకొచ్చాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. మిరపకాయల పొగ, వేపమండల దెబ్బలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి టోనహీ నిరోధక చట్టం ఉంది. ఒకరిని టోనహీ అనడం, ఆ పేరుతో హింసించడం, ఝాడ్‌ఫూంక్ చేయడం నేరం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన పాక తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుల్ని నిషేధించింది. ఆ చట్టంలోనే మూడో సెక్షన్ ఒకటుంది, చదవదగ్గది. ఒక మనిషి చుట్టూ ఉన్న సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకి గాని మత నమ్మకాలకి గాని అనుగుణంగా లేడన్న కారణంతో అతన్ని మానసిక రోగి అనకూడదని అంటుంది. నాస్తికులమైన మనకి కూడా ఆ సెక్షన్ అవసరమే, గుర్తుపెట్టుకోండి!

పిల్లలు ఇప్పుడు ఒక డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు, వాళ్ళంతట వాళ్ళే. మొదట చూపించిన ఒకాయన అయిదు నిమిషాల్లో 'దృష్టి మళ్ళించండి, పెళ్ళి చేయండి' అన్నాడట. రెండో ఆవిడ గంటసేపు విన్నదట. చాకులు వంటింట్లోకి తిరిగొచ్చాయి. ఆదివారం మా ఇంటికి వస్తే మా ఆవిడ టీ పెట్టేముందు గుమ్మం దగ్గరే 'ఎవరొచ్చారమ్మా ఇవాళ' అని అడుగుతుంది. పదేళ్ళవాడైతే బూస్టు, పెద్దవాడైతే చక్కెర లేని టీ. ఆడపిల్ల మొన్న మొదటిసారి మాట్లాడింది, అల్లం వేయమని. మా ఆవిడ బీఏ కూడా చదవలేదు, ఏ సంఘంలోనూ సభ్యురాలు కాదు.

కిందటి నెల సమావేశంలో మా సంఘం ప్రదర్శనల పెట్టెలోంచి సూది తీసేయాలని తీర్మానం పెట్టాను. నిప్పుల మీద నడవడం, నోట్లో కర్పూరం, గాలిలోంచి విభూది అన్నీ ఉండనివ్వండి, మనిషి ఒంటి మీద పరీక్ష మాత్రం వద్దన్నాను. ఇద్దరు గట్టిగా వ్యతిరేకించారు. 'ఇలా మెత్తబడితే బాబాల్ని ఎలా ఎదుర్కొంటాం' అన్నారు. డబ్బు గుంజే బాబా వేరు, ఏమీ అడగని కోక్ ఓవెన్స్ ఆయన భార్య వేరు అన్నాను. ఓటింగ్ వచ్చే నెలకి వాయిదా పడింది. టెక్కలి వైపు వెళ్ళే ఒక మిత్రుడికి ఆవిడ ఊరి పేరు రాసిచ్చాను, ఇంకా కబురు రాలేదు. పెట్టె ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. అందులోంచి గుండుసూదుల డబ్బా తీసి నా బల్ల సొరుగులో వేశాను. తీర్మానం ఓడిపోతే తిరిగి అడుగుతారు, చూద్దాం.